మేత పందెం

జూన్ 2

అనకూడని మాట అనేశాను.

పొద్దున్నే మాంసం కొట్టు బాబాయి వచ్చాడు. చుట్టమేం కాదు, ఏళ్ళ తరబడి మా పొట్టేళ్ళనే కొంటున్నాడు కాబట్టి ఇంట్లో అందరికీ బాబాయి. ఎప్పుడొచ్చినా వసారాలో బల్ల మీద చేరగిలబడి, టీ తాగి, ఇంకో టీ తాగి, లోకంలోని కబుర్లన్నీ అయ్యాక గానీ అసలు విషయానికి రాడు. ఇవాళ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పోయిన విడత పొట్టేళ్ళలో మాంసం కన్నా కొవ్వే ఎక్కువగా ఉందట. కోసి పారేసిన కొవ్వుతో బేసిన్లు నిండాయట. కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి పక్క కొట్టుకు పోతున్నారట. వచ్చే విడత కూడా ఇలాగే ఉంటే మీకూ నాకూ చెల్లు అన్నాడు.

మామయ్యగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. మొక్కజొన్న పోసి పొట్టేళ్ళను బస్తాల్లా తయారు చేయడంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. నడవలేక నడిచే పొట్టేలంటే ఆయనకు మహా ముద్దు. బాబాయి అటు వెళ్ళగానే నేను అందుకున్నాను. అందుకోకపోతే నేనెందుకవుతాను? పట్నంలో దాణా పరీక్షల లాబ్‌లో తొమ్మిదేళ్ళు పని చేసినదాన్ని. సెలవు పెట్టి ఇక్కడికొచ్చి ఏడాది కావస్తోంది. గింజ మానేసి ఎండబెట్టిన లూసర్న్ ఆకుమేత, పచ్చిగడ్డి పెడితే కండ పడుతుంది, కొవ్వు తగ్గుతుంది అని వచ్చిన రోజు నుంచీ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. గడ్డి తింటే పెరిగేది పొట్టేలు కాదు, పొట్ట అని ఆయన కొట్టిపారేస్తూనే ఉన్నారు.

మాటా మాటా పెరిగింది. చివరికి పందెం దగ్గర తేలింది. ఒకే వయసు పిల్ల పొట్టేళ్ళు పన్నెండు ఉన్నాయి. ఆరు ఆయన దొడ్డిలో, ఆరు నా దొడ్డిలో. ఆయనవాటికి మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, పేరుకు పిడికెడు ఎండుగడ్డి. నావాటికి లూసర్న్, పచ్చిగడ్డి. గింజ అన్నమాటే లేదు. సెప్టెంబరులో బాబాయి ఒక్కో దొడ్డి నుంచి ఒకదాన్ని కోసి, కండ ఎంత పడిందో కొవ్వు ఎంత పట్టిందో చూసి చెబుతాడు. గెలిచినవాళ్ళ మేతే ఇక మంద మొత్తానికి. ఒకరి దొడ్డిలో ఒకరు కాలు పెట్టకూడదు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "నా దొడ్డి ఓడిపోతే నేను మళ్ళీ లాబ్‌లో చేరిపోతాను మామయ్యా. ఇక మీ గొర్రెల జోలికి రాను" అన్నాను.

"సరే" అన్నారు.

అంతే. కాసేపు ఆలోచించనైనా లేదు.

జూన్ 3

లాబ్‌కు తిరిగి వెళ్ళడం ఏమంత పెద్ద విషయం కాదు. నా కుర్చీ అలాగే ఉంటుంది. కిటికీ లేని గది, పొడి చేసిన దాణాను కాల్చడం, మిగిలిన బూడిదను తూచడం. మా ఆయన వారానికోసారి వచ్చి చూసి వెళ్తాడు. లోకంలో ఎంతమంది అలా బతకడం లేదు?

నాకేం బాధ లేదు.

సరే అన్నారు చూడు.

జూన్ 5

నా పొట్టేళ్ళకు నడుం మీద నీలం చుక్క, మామయ్యగారివాటికి ఎర్ర చుక్క. చుక్కలు పెట్టింది మా ఆయన. మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ఇంటి ముందు గదే షాపు. ఒకపక్క తండ్రి, ఒకపక్క పెళ్ళాం, నువ్వు ఎవరి వైపని మామయ్యగారు అడిగితే, తను కాటా వైపు అన్నాడు. గోడ మీద పిల్లి అంటే ఈయన్ని చూపించవచ్చు. ఆదివారం ఆదివారం తూకం వేసే పని ఆయనకే అప్పజెప్పాం.

మామయ్యగారు తన దొడ్డిలో అన్నిటికన్నా పెద్దదానికి అప్పుడే పహిల్వాన్ అని పేరు పెట్టేశారు. నేను పేర్లు పెట్టలేదు. పరీక్షకు పెట్టిన జంతువులతో చనువు పనికిరాదు.

జూన్ 12

నా దొడ్డి ముందుంది. ఆరూ కలిపి తూస్తే ఎర్ర చుక్కల్ని దాటేశాయి. వారం తిరక్కుండానే ఇంత తేడా వస్తుందని నేనే అనుకోలేదు. మధ్యాహ్నం భోజనంలో నేను ఒక్క మాట కూడా గొప్పకు పోలేదు. కాస్త నవ్వు ముఖంతో ఉన్నానేమో, అంతే.

మామయ్యగారు నా పొట్టేళ్ళ పొట్టల కేసి చూసి, కాటాలో పడింది మాంసం కాదు, పొద్దున తిన్న గడ్డి, దాని మీద తాగిన నీళ్ళు అన్నారు. ముందు రోజు సాయంత్రం నుంచి పస్తు ఉంచి తూస్తేనే లెక్కట. ఆ సంగతి నాకు తెలియదా? లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే నేను చెప్పే పాఠం అది. ఈసారి ఎందుకో గుర్తు రాలేదు. ఎండలు అలా ఉన్నాయి.

జూన్ 13

పస్తు ఉంచి మళ్ళీ తూచాం. రాయవలసినంత తేడా ఏమీ లేదు.

జూన్ 26

సరే, తేడా ఉంది. ఎర్ర చుక్కలు పొంగిపోతున్నాయి. నావి ఎముకల గూళ్ళలా కాకపోయినా, చూసేవాళ్ళకు ఏం పెడుతున్నావమ్మా అని అడగాలనిపించేలా ఉన్నాయి. అడిగారు కూడా. పాలు పోసే ఆవిడ గేటు దగ్గర ఆగి, వీటికి ఒంట్లో బాగా లేదా అంది. మామయ్యగారు వసారాలో ఉండి విననట్టు పేపరు తిప్పారు. పేపరు వెనక భుజాలు కదిలాయి, నవ్వే అది.

మేత మీద పెరిగేది నిదానంగా పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిన విషయం. కొవ్వు తొందరగా పడుతుంది, కండకు టైం పడుతుంది.

లాబ్ నుంచి మా మేడమ్ ఫోన్ చేసింది. సెలవు సెప్టెంబరుతో అయిపోతుంది, వస్తున్నావా రావడం లేదా, ఏదో ఒకటి తేల్చి చెప్పమంది. ముందు వరసలో మంచి సీటు ఖాళీ అవుతోందట. సంతోషం అన్నాను.

జూలై 3

నీలం చుక్కలు సన్నగా ఉన్నాయి. సన్నగా ఉండడం మంచి లక్షణం.

జూలై 9

మామయ్యగారు ఇవాళ అన్నం తినలేదు.

పహిల్వాన్ నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు. తల వేలాడేసి, పళ్ళు కొరుకుతూ, నీళ్ళలా విరేచనం చేసుకుంటూ నిలబడింది. ఇంకో రెండు కూడా అదే దారిలో ఉన్నాయి. గింజ మితిమీరితే కడుపు పులిసిపోతుంది, నోటికి గడ్డి తగలకపోతే నెమరు వేయడం కూడా మానేస్తాయి. నేను కంచె ఇవతల నుంచే చెప్పాను, రెండు రోజులు నూక ఆపి గడ్డి వేయండి మామయ్యా అని. గాలి మారింది, అందుకే అలా ఉంది అన్నారు. గాలి నా దొడ్డిలో మారలేదా అని అడగబోయి ఊరుకున్నాను. ముఖం అలా ఉంది.

మధ్యాహ్నం పిలవడానికి వెళ్తే దొడ్డిలో నేల మీద కూర్చుని ఉన్నారు. పహిల్వాన్ తల ఆయన ఒళ్ళో ఉంది. అది బరువైన తల. కాలు తిమ్మిరెక్కి ఉంటుంది, అయినా కదల్లేదు. అత్తయ్య పోయాక ఈయన ఇలా కూర్చోవడం నేను చూడలేదు. నువ్వు తినేసెయ్ అమ్మా అన్నారు. పందెం గురించి గానీ, నీ మాటే నిజమైంది అని గానీ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, నాకు కోపమైనా వచ్చేది.

ఆయన కాసేపు నడుం వాల్చడానికి లోపలికి వెళ్ళాక నేను ఎర్ర చుక్కల దొడ్డిలోకి వెళ్ళాను. మూడింటికీ వంటసోడా కలిపిన నీళ్ళు పట్టించి, ఎండు లూసర్న్ కట్ట విప్పి వేశాను. తొట్టిలో నూక చాలావరకు తీసి కోళ్ళకు పోసేశాను. వైద్యం వేరు, పందెం వేరు. లాబ్‌లో అయినా ఇదే చేసేదాన్ని.

జూలై 11

పహిల్వాన్ లేచింది. నెమరు వేస్తోంది. దాని దవడ అలా కదులుతుంటే చూడడానికి ఎంత హాయిగా ఉందో.

మామయ్యగారు రెండు పూటల అన్నం ఒకే పూటలో లాగించారు. తన నూకలో ఉన్న సత్తువే దాన్ని నిలబెట్టిందట. బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పారు. నా నాలుక నేనే కొరుక్కున్నాను. దొడ్డిలో లూసర్న్ పుల్లలు కనబడితే, నీ గడ్డంతా గాలికి ఇటే కొట్టుకొస్తోంది, కట్టలు గట్టిగా కట్టుకో అమ్మాయ్ అన్నారు. అలాగే మామయ్యా అన్నాను.

జూలై 12

ఇవాళ కూడా వేశాను. ఒక్కసారిగా ఆపేస్తే కడుపు మళ్ళీ చెడుతుంది. మెల్లగా మాన్పించాలి.

జూలై 17

ఇంకా మాన్పిస్తూనే ఉన్నాను.

జూలై 20

మామయ్యగారు పొద్దున్నే నడక మొదలుపెట్టారు. మోకాళ్ళకు మంచిదట. నేను ఎప్పటి నుంచో చెబుతున్నదే, ఇన్నాళ్ళకు తలకెక్కింది. దొడ్ల వెనక నుంచి చుట్టూ తిరిగి వస్తారు. వెళ్ళేటప్పుడు తువ్వాలు మూటలా చంకలో ఉంటుంది, వచ్చేటప్పుడు భుజం మీద ఉంటుంది. నడిస్తే చెమట పడుతుంది కదా.

ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టినందుకు మెచ్చుకున్నాను. ఆయన కాస్త సిగ్గుపడ్డారు కూడా.

జూలై 24

ఇవాళ్టి తూకం జీవితంలో మరచిపోను. పస్తు ఉంచి తూచిందే, ఎవరూ వంక పెట్టడానికి లేదు. నీలం చుక్కలు లేచాయి. మామూలుగా లేవడం కాదు. మా ఆయన కాటా సరిగ్గా ఉందో లేదోనని దించి మళ్ళీ ఎక్కించి చూశాడు. పక్కటెముకల మధ్య గుంటలు పూడుకుపోయాయి, వెన్ను మీద చెయ్యి వేస్తే కండ చేతికి తగులుతోంది. నా లూసర్న్ ఇప్పుడు పని చేయడం మొదలుపెట్టింది. నిదానంగా పెరుగుతుందని నేను చెప్పలేదూ? పూలు రాకముందే కోసి, నీడలో ఆరబెట్టడం వల్ల ఆకు రాలకుండా ఉంది, అసలు బలం ఆకులోనే ఉంటుంది. ఈ ఆరబెట్టే పద్ధతి గురించి లాబ్ పత్రికకు ఒక వ్యాసం రాయాలి. పైన నా పేరు ఒక్కటే ఉండాలి.

ఇంకో విచిత్రం. మామయ్యగారు కంచె పక్క నుంచి పోతుంటే నా ఆరూ అరుచుకుంటూ ఆయన వెంట పరుగులు తీస్తున్నాయి. నన్ను చూసి అలా ఎప్పుడూ రాలేదు. పెద్దవాళ్ళంటే పశువులకు కూడా ఎంత గౌరవమో.

నా తొట్టిలో అడుగున కాస్త మొక్కజొన్న నూక కనబడింది. పిచ్చుకలు ఆయన తొట్టిలోంచి ఎత్తుకొచ్చి ఇక్కడ పారేస్తున్నాయి.

జూలై 31

నా దొడ్డిలో పేడలో కూడా నూక ఉంది. ఈ ఏడు పిచ్చుకలు విపరీతంగా ఉన్నాయి.

మా ఆయనతో అంటే, "పిచ్చుకలేనా?" అన్నాడు. పిచ్చుకలు కాకపోతే గద్దలా అన్నాను. ఆయన చేతిలో రాగి తీగ చుట్ట పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. మోటార్లతో పని చేసేవాళ్ళకు జంతువుల సంగతి ఏం తెలుస్తుంది?

ఆగస్టు 7

తూకంలో రెండు దొడ్లూ దాదాపు సమానం.

మామయ్యగారు పొలం వైపు వెళ్ళినప్పుడు పహిల్వాన్ నడుం మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాను. జూన్‌లో వీటిని నొక్కితే వేలు మెత్తగా కొవ్వులో దిగిపోయేది. ఇప్పుడు దిగలేదు. కింద కండ గట్టిగా ఉంది. పైన పల్చటి పొర, ఉండవలసినంతే. బాబాయి చూస్తే ఎగిరి గంతేస్తాడు.

అంటే ఎర్ర చుక్కలు గెలిచేస్తాయి. వాటిని అలా తయారు చేసింది ఎవరు? నేనే. రోజూ మధ్యాహ్నం దొంగలా వెళ్ళి నా గడ్డి మోసుకెళ్ళి నా ఓటమిని నేనే మేపుతున్నాను. ఇంత తెలివైనదాన్ని లాబ్‌లో తొమ్మిదేళ్ళు ఎలా భరించారో.

రేపటి నుంచి బంద్.

ఆగస్టు 8

ఆపలేకపోయాను. వేళకు వచ్చి కంచెలోంచి మూతులు బయటపెట్టి చూస్తున్నాయి.

ఆగస్టు 9

ఊరికే నెపం పొట్టేళ్ళ మీదకు తోసేయడమెందుకు. సాయంత్రం మామయ్యగారు తన దొడ్డి ముందు నిలబడి పాడుకుంటున్నారు. పాట కాదు, ఊరికే కూనిరాగం. ఈ ఇంట్లో ఆ చప్పుడు విని చాలా కాలమైంది. నేను వంటింట్లో స్టవ్ తగ్గించి విన్నాను. పొట్టేళ్ళు మళ్ళీ జబ్బు పడితే అది ఆగిపోతుంది.

నాకు ఇక్కడి నుంచి వెళ్ళాలని లేదు. ఈ పుస్తకంలో అబద్ధమాడనక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. నాకు వెళ్ళాలని లేదు. పొద్దున్నే తడి గడ్డి వాసన, మామయ్యగారి సణుగుడు, గేటు దగ్గర పాలావిడ వేసే చొప్పదంటు ప్రశ్నలు, షాపులోంచి మోటారు గిర్రుమనే చప్పుడు, ఇవన్నీ వదిలేసి వెళ్ళి బూడిద తూచుకోవాలని లేదు. కానీ మాట అన్నది నేను. సరే అన్నది ఆయన. వద్దన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. అలాంటప్పుడు చూరు పట్టుకుని వేలాడడం నాకు చేత కాదు.

ఆగస్టు 21

మేడమ్ మళ్ళీ ఫోన్. పోటీ తేలగానే చెబుతానన్నాను. ఏం పోటీ అంది. గొర్రెలది అన్నాను.

ఆగస్టు 28

నీలం చుక్కలు పిసరంత ముందున్నాయి. మామయ్యగారిలో ఆ బాధే కనబడలేదు. పైగా చేతులు రుద్దుకుంటూ, "బాగుంది, బాగుంది" అన్నారు. నన్ను వదిలించుకునే తొందరలో తూకం ఎవరిదో కూడా చూసుకోలేదేమో.

సెప్టెంబరు 5

రేపే. ఏ పొట్టేలు వెళ్ళాలో మా ఆయన చీటీలు తీశాడు. పహిల్వాన్ చీటీ రాలేదు. మామయ్యగారు ఊపిరి వదలడం నాకు వినబడింది. నేనూ వదిలాను గానీ చప్పుడు కాకుండా.

మధ్యాహ్నం అటక మీద నుంచి పెట్టె దించి తుడుస్తుంటే మామయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడే సర్దుతున్నావా అన్నారు. దుమ్ము దులుపుతున్నాను మామయ్యా అన్నాను. ఆయన పెట్టె కేసి చూశారు, నా కేసి చూశారు, ఏదో అనబోయి దగ్గారు. తర్వాత గబగబా తువ్వాలు అందుకుని నడకకు వెళ్ళిపోయారు. మిట్టమధ్యాహ్నం ఎండలో నడకేమిటో.

సాయంత్రం మేత తీసేసే ముందు నేను ఎర్ర చుక్కలకు చివరిసారిగా లూసర్న్ వేశాను. మామూలు కన్నా ఎక్కువే వేశాను. ఇక రేపటి నుంచి వేసేవాళ్ళు ఉండరు కదా.

సెప్టెంబరు 6

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నే ముగ్గురం బాబాయి కొట్టుకు వెళ్ళాం. వెళ్ళేసరికి కొయ్యడం, తోలు తీయడం అయిపోయింది. రెండూ కొక్కేలకు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఏది ఎవరిదో బాబాయికి చెప్పకూడదని ఒప్పందం. ఆయన కత్తి పక్కన పెట్టి ఒకదాని నడుం మీద బొటనవేలు ఆనించాడు, తర్వాత రెండోదాని మీద. మూత్రపిండాల చుట్టూ కొవ్వు విప్పి చూశాడు. తొడ కండ పిడికిలితో తట్టాడు. మళ్ళీ మొదటిదాని దగ్గరకు వచ్చాడు. నేను పట్టుకెళ్ళిన స్కేలు ఇచ్చాను, దానితో కొలిచి, తల గోక్కుని, స్కేలు తిరిగి ఇచ్చేశాడు.

పదేళ్ళలో మీ ఇంటి నుంచి ఇలాంటి సరుకు రాలేదు అన్నాడు. కండ ఉందట, బిగువుందట, వండితే ఎండిపోకుండా కావలసినంత కొవ్వు మాత్రమే ఉందట. అయితే ఏది గెలిచింది అని నేను అడిగాను. "ఏది గెలవడమేమిటమ్మా? రెండూ ఒకే తొట్టిలో తిన్నవి కదా" అన్నాడు.

కాదని మామయ్యగారు అన్నారు. ఒకటి గడ్డి తిన్నది, ఒకటి గింజ తిన్నది, సరిగ్గా చూడమన్నారు. బాబాయికి రోషం వచ్చింది. ఇంకా శుభ్రం చేయని పొట్టలు రెండూ బేసిన్లలో ఉన్నాయి. ఒక్కో బేసిన్ అంచున దాని చుక్క తోలు ముక్క కోసి పెట్టాడు. నీలం చుక్కదాన్ని ముందు కోసి బోర్లించాడు. ఆకు, గడ్డి, వాటి నిండా మొక్కజొన్న నూక. పసుపుపచ్చగా, దాచడానికి వీల్లేనంత. ఇది గడ్డి తిన్నదో గింజ తిన్నదో మీరే చెప్పండి అన్నాడు. తర్వాత ఎర్ర చుక్కది కోశాడు. నూక, చెక్క, వాటి మధ్య లూసర్న్ కాడలు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి.

నేను ఎర్ర చుక్క బేసిన్ కేసి చూడలేకపోయాను. తలెత్తితే మామయ్యగారు నీలం చుక్క బేసిన్ కేసి చూడలేక గోడ మీద క్యాలెండర్ చదువుతున్నారు. ఆ క్యాలెండర్ పోయిన ఏడాదిది.

పిచ్చుకలు.

నేను ఎంత వెర్రిదాన్నో అప్పుడు తెలిసింది. నడక, తువ్వాలు మూట, అరుచుకుంటూ ఆయన వెంట పరుగులు. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి, అన్నిటికీ నేనే కారణాలు కనిపెట్టి పెట్టాను.

"మీరేనా మామయ్యా?" అన్నాను.

"నువ్వు మాత్రం?" అన్నారు, క్యాలెండర్ కేసి చూస్తూనే.

మా ఆయన వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరి సంగతీ జూలై నుంచే తెలుసట. కాటా వైపు ఉన్నవాడు నోరు విప్పకూడదట. సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు నేను.

వెనక బల్ల మీద కూర్చున్నాం ఇద్దరం. బాబాయి టీ తెప్పించాడు, ఇంకో టీ తెప్పించాడు. నా పొట్టేళ్ళకు నూక ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన గ్లాసులోకి చూస్తూ, "బక్కచిక్కిపోతున్నాయి. అవి ఓడిపోతే నువ్వు వెళ్ళిపోతానన్నావు కదమ్మా" అన్నారు.

"మరి ఆ రోజు సరే అన్నారు."

"వద్దంటే ఉంటావా? నేను వద్దన్న పని నువ్వు చేయకుండా ఉన్నది ఎప్పుడు? అందుకని సరే అన్నాను. అన్న దగ్గర నుంచి నాకు నిద్ర లేదు."

ఈ మాట జూన్‌లోనే చెప్పి ఉంటే మూడు నెలలు ఎంత సుఖంగా ఉండేవాళ్ళమో అనుకున్నాను. నేను మాత్రం ఏం చెప్పాను గనుక? ఆయన తనవాటికి నేను లూసర్న్ ఎందుకు పెట్టానని అడిగారు. కడుపు పులిసిందనీ, నెమరు ఆగిపోయిందనీ, గడ్డి లేకపోతే పశువు తట్టుకోదనీ చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అదంతా నోటి దాకా వచ్చింది.

"ఆ రోజు మీరు అన్నం తినలేదు మామయ్యా" అన్నాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తువ్వాలుకు నూక పొడి ఉంది, మీసాలకు అంటుకుంది. నేను చెప్పలేదు. దారిలో మా ఆయనే చెప్పాడు.

బాబాయి మిగతా పదింటికీ బేరం మాట్లాడబోతే, పహిల్వాన్‌ను అమ్మనని, అది మందలో ఉండి పిల్లల్ని పుట్టించాలని మామయ్యగారు తేల్చేశారు. మిగతావి తీసుకుంటాడట. ఇక ముందు ఇదే మేత మీద పెంచినవి ఎన్ని ఉన్నా తనకే కావాలన్నాడు. ఏ మేతండీ అది అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

సెప్టెంబరు 7

పొద్దున మేడమ్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. గొర్రెలు ఓడిపోయాయా అని అడిగింది. లేదు, గెలిచాయి, అన్నీ గెలిచాయి అన్నాను. తలుపు అవతల చెప్పుల చప్పుడైంది. మామయ్యగారు గోడను చూస్తూ నిలబడ్డారు. ఏం కావాలి మామయ్యా అంటే, అక్కడ గోడకు పగులు వచ్చిందేమోనని చూస్తున్నారట.

టిఫిన్ దగ్గర మళ్ళీ మొదలైంది. మేత కలపాలన్నది ఇద్దరం ఒప్పుకున్నాం. ఎంతెంత అన్న దగ్గర పేచీ. గింజ రెండు పాళ్ళు, లూసర్న్ ఒక పాలు అని ఆయన. లూసర్న్ రెండు పాళ్ళు, గింజ ఒక పాలు అని నేను. చెరి సగం అన్నాడు మా ఆయన. మా ఇద్దరి చూపులూ చూసి ప్లేటు పట్టుకుని షాపులోకి పోయాడు. ఈ కాలపు ఆడపిల్లలు గింజ అంటే విషమనుకుంటారని మామయ్యగారు, గింజ చూస్తే చాలు కొందరికి ఒళ్ళు తెలియదని నేను. పాలావిడ గేటు దగ్గర పాలు పోయడం మానేసి వింటూ నిలబడింది.

చివరికి కొత్త పొట్టేళ్ళను మళ్ళీ రెండు దొడ్లు చేయాలని నిర్ణయమైంది. చుక్కలు మావి మేమే పెట్టుకుంటాం, కాటా మాత్రం మా ఆయనకే. ఈసారి పందెం ఏమిటి అని అడిగాను. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, మెల్లగా కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా నిలబడ్డారు.

"ఓడినవాళ్ళు ఈ ఇల్లు కదలకూడదు."

"మరి గెలిచినవాళ్ళు?"

"వాళ్ళు కూడా" అన్నారు.

తొందర పని ఉన్నట్టు దాణా గదిలోకి వెళ్ళి నిలబడ్డాను, కళ్ళు తుడుచుకోవడానికి అదే దగ్గరి గది.